ముద్ద జినియా తొలి మొగ్గ

మా తోటికోడలిని నేను అక్కా అని పిలుస్తాను. ఆమె పనిచేసే మొక్కల నర్సరీలో మాత్రం అందరూ గిల్లుడక్క అంటారు. పొట్టి ముద్ద జినియా నారు నాలుగు జతల ఆకులు వేయగానే తల గిల్లేయాలి. అప్పుడే పక్కకొమ్మలు వచ్చి మొక్క కుండీ నిండా గుబురుగా అల్లుకుంటుంది. లేకపోతే ఒంటి పుల్లలా పెరిగి ఒక్క పువ్వు పూసి ఊరుకుంటుంది. పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా అక్క పని అదే. బల్ల ముందు నిలబడి బొటనవేలి గోటితో టిక్కు, టిక్కు. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనం. అన్నం కలుపుకుంటూనే కునుకు తీస్తుంది. ఇంత చాకిరీ చేసే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఇంట్లో కూర్చుని ఇంతలా సణిగే అత్తనూ చూడలేదు.

ఆ అత్తకు చూపు పోతోంది. ఆపరేషన్‌తో బాగయ్యేది కాదని, ఉన్న కాస్త చూపూ మెల్లగా పోతుందని డాక్టరు తేల్చి చెప్పేశాడు. అప్పట్నుంచి అత్తది ఒకటే పాట.

"ఎవరెవరివో కుండీలు నింపుతావు, మన బాల్కనీలో ఒక్క మొక్క పెట్టవేమే? కళ్ళున్నప్పుడే ఎర్రగా ఒక ముద్దపువ్వు చూపించు తల్లీ."

"చూపిస్తానత్తయ్యా," అంది అక్క. అంతకు మించి మాట్లాడదు, నోట్లో నాలుక లేని మనిషి.

సెలవు రోజున కుండీలో మట్టీ ఎరువూ కలిపి, అన్ని రంగులూ కలిసిన పొట్లంలోంచి నాలుగు గింజలు వేసి, పైన పలచగా మట్టి కప్పింది.

"ఎరుపే వస్తుందా?" అన్నాను.

"పూసేదాకా ఎవరికి తెలుసు?" అంది.

వారం తిరక్కుండా మొలిచాయి. గట్టి మొలక ఒకటి ఉంచి మిగతావి పీకేసింది. త్వరగా పూయాలని దాని తల మాత్రం గిల్లలేదు. నీళ్ళు పోసే పని నాకు పడింది. "ఆకుల మీద పొయ్యకే, బూజు పడుతుంది. మొదలు దగ్గర పొయ్యి!" అని కసిరింది. అక్క నన్ను కసరడం అదే మొదలు. ఎంత ముచ్చటేసిందో!

మొగ్గ వచ్చింది. అత్త తన కుర్చీని బాల్కనీలోకి మార్పించుకుంది. పూటపూటకీ ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, "విచ్చుకుందటే?" అని అడిగేది. కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది పాపం.

ఒక సాయంత్రం అక్క నర్సరీ నుంచి కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. ఏదో పెద్ద ఆర్డరట, రోజంతా కూర్చోనివ్వలేదట. చెప్పులైనా విప్పకుండా కుండీ దగ్గర నిలబడింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. చెయ్యి దాని మానాన అది మొక్క మీదికి వెళ్ళింది. టిక్కు.

"అయ్యో అక్కా!" అని అరిచాను. అప్పటికే మొగ్గ ఆమె వేళ్ళ మధ్య ఉంది. దాన్ని చూసుకుని అక్క అక్కడే కూలబడింది.

"ఏమైందే?" అంది అత్త. చెప్పక తప్పలేదు. ఇక ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాను. అత్త కుర్చీలో వెనక్కి వాలింది.

"పోనీలే. అలిసిపోయి వచ్చావు. మళ్ళీ పూయదా ఏం?" అంది.

తిట్టినా బాగుండేది.

పక్కకొమ్మలొచ్చాయి. మొక్క నర్సరీలోని వాటికంటే అందంగా గుబురెక్కింది. మొగ్గలూ తొడిగింది. ఈలోగా అత్త గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. నీళ్ళ గ్లాసు కోసం గాల్లో తడుముకునేది. అక్క కుండీ దగ్గరికి వెళ్తే చేతులు రెండూ వెనక్కి కట్టుకునేది.

ఒకరోజు పొద్దున్నే పువ్వులు విచ్చుకున్నాయి. రేకుల మీద రేకులతో గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. అన్నీ పసుప్పచ్చవే.

అక్క అత్తను చెయ్యిపట్టి నడిపించుకొచ్చి కూర్చోబెట్టింది. అత్త వంగింది. ముక్కు పువ్వుకు తగిలింది. రేకుల్ని వేళ్ళతో తడిమింది.

"అబ్బ! ఎంత ఎర్రగా ఉందే తల్లీ!" అంది.

నేను నోరు తెరిచాను, ఊరుకునే రకాన్ని కాదు కదా. అక్క నా వంక చూసింది. మూసేశాను.

"అవునత్తయ్యా, ఎరుపే," అంది అక్క.

బస్సుకు టైమవుతున్నా, చేతులు వెనక్కి కట్టుకుని అలాగే నిలబడింది.