సబ్బు తగలని సీసాలు

ఒకప్పుడు ఆ ఇంట్లో తెల్లవారిందంటే ముందు సీసాల చప్పుడు వినిపించేది, ఆ తర్వాతే గిన్నెలది. ఆవిడ పెరటి గట్టు మీద కూర్చుని, రాత్రంతా యాసిడ్ కలిపిన నీళ్ళ టబ్బులో నానిన సీసాలను ఒక్కొక్కటే తీసి, ఆఫీసు నుంచి వచ్చిన డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, తీగల చట్రంలో బోర్లించేది. వీధి వీధంతా ఆవిడను సీసాలమ్మ అనేవారు. ఇప్పుడు గిన్నెల చప్పుడు కూడా పెద్దగా ఉండదు. ఒక్క మనిషికి ఒక్క కంచం. టబ్బు గోడకు ఆనించి ఉంది, అడుగున ఎండిన చారికతో.

ఆవిడ భర్త నీళ్ళ పరీక్షల ఆఫీసులో పని చేసేవాడు. నది వెంట నడిచి, చెప్పిన చోటల్లా దిగి, సీసాలు నింపి తెచ్చేవాడు. వాటిలో ఉప్పెంత, భాస్వరమెంత, చేపలు పీల్చే ప్రాణవాయువెంత అని లోపల కెమిస్టులు తేల్చేవారు. సీసాలు కడిగే మనిషి మానేశాక అతను ఆ పని ఇంటికి తెచ్చాడు.

"నీ చెయ్యి నిదానం. నీకంటే బాగా ఎవరు కడుగుతారే?" అన్నాడు.

కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో అతని నోట వచ్చిన మెప్పు అదొక్కటే. దానికే ఆవిడ పొంగిపోయింది.

నియమం కూడా ఒక్కటే. సబ్బు తగలకూడదు. సబ్బు పొడిలో భాస్వరం ఉంటుంది. ఆ చేత్తో సీసా ముట్టుకుంటే లేని మురికిని నది నెత్తిన రుద్దినట్టే. అందుకని ఆవిడ సబ్బు డబ్బాను వీధి వైపు స్నానాల గదిలోకి తరిమేసింది. "సబ్బూ సీసాలూ అత్తాకోడళ్ళు, ఒక చోట ఇమడవు" అని అతను నవ్వేవాడు.

ఆ ఆఫీసుకు పెద్ద ఎవరో కాదు, ఆవిడ సొంత బావగారే, అక్క మొగుడు. పోయిన ఎండాకాలం పాల ఫ్యాక్టరీ కాలువ నదిలో కలిసే చోటికి దిగువన చేపలు వెల్లకిలా తేలాయి. అక్కడి సీసాల్లో భాస్వరం విపరీతంగా కనబడింది. ఫ్యాక్టరీకి తాళం పడాల్సిందే. కానీ బావగారు కాగితం మీద ఒక్క ముక్క రాశాడు: సీసాలు ఇంట్లో కడిగారు, సబ్బు అంటుకుంది, ఈ పరీక్ష చెల్లదు. ఫ్యాక్టరీ బతికిపోయింది. ఆవిడ భర్తను మాత్రం నది పనిలోంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టారు.

"ఏమయ్యా, ఇవాళ ఏ సబ్బు?" అని వచ్చేపోయేవాళ్ళు వెక్కిరించేవారు.

ఇంటికొచ్చి అతను ఆవిడను ఒక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం, అన్నం ముందు కూర్చుని, తల ఎత్తకుండా అడిగాడు.

"నిజంగా తగల్లేదు కదే?"

తగల్లేదని ఆవిడ చెప్పింది. అతను నమ్మాడో లేదో తెలియదు. వానలు పడకముందే గేటు దగ్గర కుర్చీలోనే ఒరిగిపోయాడు. ఆ అడిగిన మాట మాత్రం ఆవిడ కడుపులో చేపముల్లులా ఉండిపోయింది.

నిన్న సాయంత్రం బావగారు పెట్టె నిండా మురికి సీసాలతో వచ్చాడు. వెనకే అక్క.

"అమ్మాయ్, రేపు పైనుంచి తనిఖీకి వస్తున్నారు. నీళ్ళు వాళ్ళ ఎదుటే పట్టాలి. ఈ సీసాలు కాస్త కడిగి పెట్టాలి."

"ఇంట్లో కడిగితే చెల్లదన్నారు కదా, బావగారూ?"

"అప్పుడేదో అలా రాయాల్సి వచ్చిందిలే. నీ చెయ్యి నాకు తెలియదూ? నువ్వు సబ్బు తగలనిస్తావా?"

ఎంత తేలిగ్గా అన్నాడు! ఆ ముక్క వినడానికే ఒక మనిషి గేటు దగ్గర కూర్చుని కూర్చుని పోయాడు. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముఖం మాత్రం కదలలేదు.

"కడక్కపోతే ఏమవుతుంది?"

"మన సీసాలు సిద్ధంగా ఉంటే మన మనిషే నీళ్ళు పడతాడు. లేదంటే వాళ్ళ సీసాలు, వాళ్ళ మనిషి, వాళ్ళకు నచ్చిన చోటు."

"మన మనిషి ఎక్కడ పడతాడు?"

 బావగారి కంటే ముందు అక్కే అందుకుంది.

"కాలువకు ఎగువన పడతాడే. ఎక్కడైతే నీకెందుకు? మీ బావ ఉద్యోగం పోతే మా గతేంటి?"

ఆవిడ గట్టు వైపు చెయ్యి చూపింది.

"పెట్టి వెళ్ళండి" అంది.

పొద్దున్నే వీధిలో రెండు బండ్లు ఆగాయి. బావగారితోపాటు తనిఖీకి వచ్చినావిడ కూడా దిగింది. పెరట్లో పెట్టె పెట్టిన చోటే ఉంది. సీసాల అడుగున బురద పెచ్చులు కట్టి ఉంది. టబ్బు గోడకు ఆనించిన దగ్గరే, పొడిగా.

"ఇదేంటమ్మాయ్!" అన్నాడు బావగారు.

"కడుగుదామనే కూర్చున్నాను, బావగారూ. మళ్ళీ సబ్బు అంటుకుంటుందేమోనని చెయ్యి ఆడలేదు. పోయినసారి అంటుకుందని మీరే రాశారు కదా."

ఎన్నో నెలల తర్వాత ఆవిడ గొంతు గోడ అవతలి దాకా వినిపించింది.

తనిఖీ ఆవిడ పెట్టెలోకి చూసింది, బావగారి ముఖంలోకి చూసింది.

"మా సీసాలున్నాయి, పదండి. ఫ్యాక్టరీ కాలువ ఎక్కడ కలుస్తుంది?"

 సీసాలమ్మ పలికింది.

"పాత పంపుహౌసు దాటాక, దిగువన. మా ఆయన తొక్కి తొక్కి అక్కడ కాలిబాట పడింది. దాన్ని పట్టుకుని పొండి, తిన్నగా నీళ్ళలోకే దిగుతుంది."

అందరూ బండ్ల వైపు కదిలారు. బావగారు ఎక్కబోతూ ఒకసారి వెనక్కి తిరిగాడు. ఆవిడ కళ్ళు దించలేదు.

అక్క పరుగున వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఎంత పని చేశావే, ముండా! ఇప్పటికైనా ఆ సీసాలు కడిగి పంపవే! నీ కాళ్ళు పట్టుకుంటా!"

ఆవిడ తన ఒక్క కంచం కడుక్కుని బోర్లించింది. చేతులు కొంగుకు తుడుచుకుని, మురికి సీసాల పక్కనే గట్టు మీద కూర్చుంది.