పెద్దబాపును తరిమిన జమాదారు

ఆ రోజుల్లో మా నేతవాడలో పలకాబలపం మగపిల్లల చేతికి, నూలు కండెలు చుట్టే రాట్నం ఆడపిల్లల చేతికి వచ్చేవి. ఎవరూ కసిరి చెప్పింది లేదు. తెల్లారితే మగ్గానికి కండెలు కావాలి, అంతే. అందుకే ఈ ముచ్చట ఇన్నేళ్లు నా నోట్లోనే ఉండిపోయింది. అరవై దాటాక మనుమరాలి దగ్గర అక్షరాలు దిద్దాను. అది పేరు రాయమంటే ముందు మా కుక్క పేరు రాశాను. (నా పేరు ఎటు పోతుంది?)

దాని పేరు జమాదారు. ఎర్రటి ఒళ్లు, ఒక చెవి నిలువు, ఒక చెవి వాలు. తనకు చెప్పకుండా వాడలో ఎవరూ అడుగు పెట్టొద్దన్నట్టు మొరిగేది కాబట్టి ఆ పేరు. మామూలు రోజుల్లో ఎట్లాగో సర్దుకునేవాళ్లం. పడుగు చాపే రోజే గండం. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు పోగులను వీధి పొడుగునా చాపి, గంజి పట్టించి, తడి ఆరకముందే కుంచెతో దువ్వాలి. పడుగు చివరి గుంజ మా గడప ముందే ఉండేది. పెద్దబాపు (బాపుకు, అంటే మా నాన్నకు, అన్న; వాడకంతా పెద్ద) కుంచె పట్టుకుని ఆ కొస నుంచి మా గడప దాకా దువ్వుకుంటూ వచ్చి వెనక్కి తిరిగేవాడు. ఆయన వస్తున్నంతసేపూ జమాదారు గొంతు చించుకునేది. వంట దగ్గర నుంచి అవ్వ (మా అమ్మ) "ఊకో!" అనేది, మగ్గం గుంతలోంచి బాపు "ఊకో!" అనేవాడు, ఇద్దరికంటే గట్టిగా నేను అరిచేదాన్ని. ఇల్లంతా తనకు వంత పాడుతోందని జమాదారు ఇంకా రెచ్చిపోయేది.

ఒకసారి ఆ మొరుగుడుకు మేకల మంద బెదిరి పడుగు మీద పడి పరుగెత్తింది. తెగిన పోగులు అతుకుతూ అన్నదమ్ములిద్దరూ పొద్దు గూకేదాకా నడుము ఎత్తలేదు. లేచాక పెద్దబాపు తీర్పు చెప్పాడు.

"అరే తమ్మీ, మల్ల పడుగునాడు గిది నోరు తెరిచిందంటే బండ్లె ఏసుకపోయి గోదారి అవుతల ఇడిసొస్త. అటెన్క నన్ను అనద్దు."

అన్నకు ఎదురు చెప్పే అలవాటు బాపుకు లేదు. నాకుంది. పైగా గడపలో కండెలు చుడుతూ అంతా చూసినదాన్ని నేనే.

"పెద్దబాపూ, నిన్ను తనే తరిమిన్నని అనుకుంటది అది."

"నన్నా? గింత కుక్క నన్ను తరుముతదా?"

"అది మొరుగంగనే నువ్వు మర్లిపోతున్నవు గద!"

"పడుగు ఆడికే అయిపాయె. మర్లకుంట మీ ఇంట్ల జొరబడాల్నా?"

"అది ఊకునేదాక నువ్వు జర నిలవడు."

"గంజి ఆరిపోతది పోరీ! కుక్కకు సలాం కొట్టుకుంట నిలవడాల్నా? దిమాక్ ఖరాబైందా?"

ఆయన నిలబడడు కాబట్టి నేనే నిలబడ్డాను. ఆయన పాత రుమాలు తలకు చుట్టుకుని, అరిగిన కుంచె పట్టుకుని, లేని పడుగును దువ్వుకుంటూ రోజూ మధ్యాహ్నం వీధి కొస నుంచి గడప దాకా నడిచేదాన్ని. (రుమాలు చుట్టగానే నేనెవరో జమాదారుకు తెలిసేది కాదు, లేదా తెలియనట్టు నటించేది.) మొదట్లో మొరుగుతుంటే జొన్నరొట్టె ముక్క వేశాను. మొరిగితేనే రొట్టె అనుకుని రెండింతలు మొరిగింది. అప్పుడు మెళకువ తెలిసింది. కదలక మెదలక నిలబడి, అది ఊపిరి తీసుకోవడానికి ఆగిన క్షణంలో ముక్క వేసి, అప్పుడు వెనక్కి తిరిగేదాన్ని. ఎదురింటి అత్త అవ్వను పిలిచి మరీ చెప్పింది: "నీ బిడ్డకు గాలి సోకింది వదినే, తాయెత్తు కట్టియ్యి." దానికి అవ్వ "ఊకో!" అని అరిచింది నా మీద. నిజం చెప్పాలంటే కుక్కను ఊకుంచడం తేలిక, ఇంటిని ఊకుంచడమే కష్టం. జమాదారు మొరిగినప్పుడల్లా అవ్వ కొంగు నోట్లో కుక్కుకునేలా చేయడానికే నా ప్రాణం పోయింది.

పడుగునాడు వాడంతా పని మీద కన్నా మా గడప మీదే కన్ను వేసింది. పెద్దబాపు దువ్వుకుంటూ వచ్చాడు. జమాదారు లేచింది. "బౌ" అంది. అవ్వ కొంగు నోట్లోకి పోయింది. నా గుండె గోదారి దాటింది. రెండో మొరుగు రాలేదు. అది నోరు మూసుకుని పెద్దబాపు చేతి వంక చూసింది. ఆయన దాని వంక చూశాడు. రొట్టె ముక్క కోసం నేను లోపలికి ఉరకబోతుంటే, ఆయన అటూ ఇటూ చూసి తన నడుము దోపులోంచి జొన్నరొట్టె ముక్క తీశాడు. ఇంటి నుంచే తెచ్చుకున్నాడు!

"తిను, జల్ది తిను. గంజి ఆరుతది" అని గొణిగి వెనక్కి తిరిగాడు. ఆ పూటంతా జమాదారు ఆయన పక్కనే, ఈ కొస నుంచి ఆ కొసకు, తానే దువ్వుతున్నంత దర్జాగా నడిచింది. బండి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు మా మనుమరాలి గల్లీలో కుక్కలు మొరిగితే అందరూ కిటికీల్లోంచి అరుస్తారు. నేను నవ్వుకుంటాను. వీధంతా ఏమనుకున్నా సరే, రుమాలు చుట్టుకుని నడిచిన ఆ పిల్ల ధీమా ఇప్పుడు నాకెక్కడిది?

కానీ ఆ పిల్ల కూడా పడుగు మరునాడు పొద్దున కొంచెం దిగులు పడింది. వీధిలో పడుగు లేదు, పెద్దబాపు లేడు. జమాదారు ఖాళీ వీధి వంక చూస్తూ చప్పుడు లేకుండా కూర్చుంది. అంత నిశ్శబ్దం మా ఇంటికి అచ్చిరాదనిపించింది. రాట్నం పక్కన పెట్టి, దాని పక్కనే గొంతుకు కూర్చుని, వీధి కొస వంక చూస్తూ, గొంతెత్తి నేనే "బౌ" అన్నాను.

"ఊకో!" అంది అవ్వ లోపల నుంచి.