చూసి రమ్మన్న మేనత్త

నా చిన్నప్పుడు మా ఖాజాగూడలో ఆఫీసు బస్సులు లేవు, పొద్దంతా గుట్టల్లో రాళ్ళు కొట్టే చప్పుడే. భర్త పోయి పుట్టింటికి చేరిన మా మేనత్త, నాన్న మీద భారం కావడం ఇష్టం లేక, ఆ రాళ్ళు కొట్టేవాళ్ళకు మధ్యాహ్నం తిండి అమ్మాలనుకుంది. కాళ్ళ కడియాలు అమ్మి గిన్నెలూ బియ్యమూ కొంది. వండేముందు నన్ను పిలిచి, గుట్ట మీద కూర్చుని వాళ్ళేం తింటున్నారో చూసి రమ్మంది.

ఎనిమిదేళ్ళ దాన్ని, పైగా ఎండలు. సగం దారిలో సీతాఫలం చెట్టు నీడన గచ్చకాయలాడి ఇంటికొచ్చి, "అందరూ అన్నమే తింటున్నరత్తా" అనేశాను.

మర్నాడు అత్త గంపెడు అన్నం వండి తీసుకెళ్ళింది. ఒక్కరూ కొనలేదు. ఆమె నెత్తిన నిండు గంపతో తిరిగొస్తుంటే చూడలేక తలుపు చాటుకు పోయాను. రాత్రి ఆ అన్నమే అందరికీ పెట్టారు. నేను పళ్ళెం పక్కకు జరిపాను. ఏడుస్తూ నిజం చెప్పేశాను.

వీపు విమానం మోతే అనుకున్నాను. అత్త కొంగుతో నా కళ్ళు తుడిచింది. తర్వాత, "చూసిందే చెప్పాలె బిడ్డా, అనుకున్నది చెప్తే నా బతుకు ఆగమైతది. రేపు మళ్ళ నువ్వే పో" అంది. దాన్ని నమ్మొద్దని నాన్న గొణిగినా వినలేదు.

మర్నాడు నేను గుట్ట మీంచి కదిలితే ఒట్టు. అందరూ ఇళ్ళ నుంచి జొన్నరొట్టెలు తెచ్చుకున్నారు. నంజుకోవడానికి ఉల్లిగడ్డ, కారం తప్ప ఏమీ లేవు. అదే చెప్పాను. మరుసటి రోజు అత్త అన్నం జోలికి పోకుండా వంకాయ కూర వండింది. కుండ ఖాళీగా తిరిగొచ్చింది. ఆపైన ఆమె ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.

మొన్న తెల్లాపూర్ నుంచి మా మనవరాలు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఉద్యోగం మానేసి, గచ్చిబౌలి ఆఫీసులకు మధ్యాహ్న భోజనం పంపే కంపెనీ పెడుతుందట. బిజినెస్ ప్లాన్ చదివి వినిపించింది. ఎవరేం తింటారో రంగురంగుల బొమ్మల్లో ఉంది. ఒక్కరినైనా తింటుంటే చూశావా అని అడిగితే మళ్ళీ ఆ బొమ్మలే చూపించింది. నాకు నా గచ్చకాయలు గుర్తొచ్చాయి.

మందలించబుద్ధి కాలేదు. అబద్ధమాడిన పిల్లనే నమ్మి మళ్ళీ పంపిన మా అత్త ఇంకా నాలో ఉంది.

"రేపు ఆఫీసు గేటు కాడ నిలబడి చూద్దాం పా. గొడుగు నేను పట్టుకుంట" అన్నాను.