కార్పెట్ అడిగిన జీపు

2011 సెప్టెంబరు. మహబూబాబాద్‌లో, అంటే మేం మానుకోట అని పిలుచుకునే ఊళ్లో, నాది వాహనాల సీట్లు కుట్టి, లోపల ఫ్లోరింగ్ వేసే దుకాణం. తెలంగాణ కోసం జరుగుతున్న సమ్మె వల్ల బస్సులు డిపో దాటడం లేదు. నేను షెట్టరు సగం దించుకుని పని చేసుకునేవాణ్ని. బంద్ చేయించడానికి వచ్చిన కుర్రాళ్లలో ఒకడు "తెలంగాణ వచ్చేదాంక సీట్లు ఆగయా కాకా?" అని నవ్వాడు. తెలంగాణ నాకూ కావాలి. అతని ముఖం ఇప్పటికీ గుర్తుంది.

అలాంటి రోజుల్లో గూడూరు దగ్గరి తండా నుంచి బాలు అనే యువకుడు జీపు తెచ్చాడు. అది ఫోర్ వీల్ డ్రైవ్, నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి. అయినా వాగు మధ్యలో ఆగిపోయి, సీట్ల దాకా నీళ్లు వచ్చాయట. తలుపు తీస్తే నానిన గోనెసంచి వాసన. వెనక సీట్లు తీసేసి ఉన్నాయి.

"కార్పెట్ మార్చాలె కాకా. గింతకంటె మెత్తగుండాలె" అన్నాడు.

కార్పెట్ లేపి చూశాను. దాని కింద ఫెల్ట్ ఉంటుంది. చప్పుడు రాకుండా వేసే దళసరి పొర అది. ఒకసారి నీళ్లు తాగితే ఎన్ని ఎండలు కాసినా వదలదు. జీపు అడుగున రంధ్రాలకు డ్రెయిన్ ప్లగ్గులు, అంటే రబ్బరు బిరడాలు ఉంటాయి. నీళ్లు చేరితే వాటిని పీకేయాలి. పాత పనివాడు ఆ బిరడాల మీదే ఫెల్ట్ అతికించేశాడు. కింద రేకు తుప్పు పట్టి, బొటనవేలితో నొక్కితే పొరలుగా లేచింది.

"ఎవరేసిన్రు గిది?"

"జనగామల."

రేకు అతుకులు వేయించి, తుప్పు ఆపే రంగు పూయించి, పైన రబ్బరు మ్యాట్ అతికించకుండా పరుద్దామని చెప్పాను. ఎప్పుడంటే అప్పుడు తీసి ఆరేసుకోవచ్చు.

"రబ్బరు గట్టిగుంటది. వద్దు."

"వాగులల్ల తోలే బండికి మెత్తటిది ఎందుకు బాలూ?"

"నువ్వు సీట్లు కుట్టేటోనివి కాకా. బండి సంగతి నాకు చెప్పకు. జనగామల అయితే గిన్ని మాటలుండయ్. అడిగింది ఏస్తరు."

ఆ మాట నేను మరిచిపోలేదు. పక్కనున్న వెల్డరుతో రేకు పని చేయించి, అక్కడితో ఆపేశాను. అతను రబ్బరు ఒప్పుకోడు, నేను కార్పెట్ అతికించను. మళ్లీ కుళ్లిపోతుందని తెలిసిన పనిని నా చేతులతో ఎలా చేస్తాను? జీపు వట్టి రేకుతో దుకాణం ముందు నిలబడింది. బాలు రోజూ వచ్చేవాడు, స్టూలు మీద కూర్చుని జనగామను పొగిడి వెళ్లేవాడు.

ఒకరోజు వాళ్లమ్మను బైకు మీద వెంటబెట్టుకొచ్చాడు. తండా భాషలో ఆమెను యాడి అని పిలిచాడు. ఆమె నా దగ్గరికొచ్చి, "తమ్మీ, బిడ్డకు నెలలు నిండినయ్. జీపు ఎప్పుడిస్తవ్?" అంది.

అప్పుడు బయటపడింది. బాలు చెల్లెలు తొలి కాన్పుకు పుట్టింటికొచ్చింది. బస్సులు లేవు. అంబులెన్స్ వాగు అవతలే ఆగిపోతుంది. నొప్పులొస్తే జీపు వెనక నేల మీదే పండబెట్టి మానుకోట దవాఖానకు తేవాలి.

"గీ ముచ్చట ముందే ఎందుకు చెప్పలే?" అన్నాను బాలుతో.

"నువ్వడిగినవా? ఎనక సీట్లు ఎందుకు తీసేసిన్నో అదన్న అడిగినవా?"

విషయం దాచినవాడే నన్ను దబాయిస్తున్నాడు. ఒళ్లు మండింది. అయినా అతన్ని వదిలేసి ఆమెకే చెప్పాను. "అక్కా, కార్పెట్ మెత్తగనే ఉంటది. వాగు దాటంగనే తడుస్తది. అండ్ల పచ్చి బాలింతను ఇంటికి తెస్తరా?"

ఆమె వంగి రేకును అరచేత్తో తడిమి, కొడుకు వైపు తిరిగింది. "ఇంట్ల గొంగడి ఉన్నది కదరా."

"అది వద్దు యాడీ."

అది మామూలు గొంగడి కాదట. ఉద్యమ సభలకు జనాన్ని కిరాయి లేకుండా తీసుకెళ్లినందుకు గూడూరు దీక్షా శిబిరంలో బాలు భుజాల మీద కప్పిన గొర్రె బొచ్చు గొంగడి. దాన్ని మడత విప్పకుండా దాచుకున్నాడు.

"మంది ముందట కప్పిన్రు. కాళ్ల కింద ఎట్ల ఏస్త?"

"కాళ్ల కింద ఎవరెయ్యమన్నరు? చెల్లె కింద ఎయ్యమన్న."

బాలు జీపు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "రబ్బరే ఎయ్యి కాకా" అన్నాడు.

సాయంత్రానికి వేశాను. నీళ్లు పక్కలకు పాకకుండా రబ్బరు అంచుల్ని పళ్లెంలా పైకి మడిచాను. బిరడాల దగ్గర చేయి పట్టేలా మూతలు కోశాను. గొంగడి జారకుండా నాలుగు మూలలా పట్టీలు బిగించాను. అవి ఎవరూ అడగలేదు, ఎవరూ మెచ్చుకోనూ లేదు.

ఆ వారంలోనే నొప్పులొచ్చాయట. వాగు నీళ్లు ముందు సీట్ల కింద చేరాయిగానీ, గొంగడి ఒక అంచే తడిసిందట. దవాఖాన ముందు బిరడాలు పీకి, గొంగడిని ప్రహరీ గోడ మీద ఆరేశారట. ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. ఈ కబురు నాకు వెల్డరు ద్వారా తెలిసింది. బాలు రాలేదు.

తర్వాత గూడూరు వైపు నుంచి వచ్చిన డ్రైవర్లు "బాలు వాళ్లమ్మ చెప్పిన ఫ్లోరింగ్" కావాలని అడిగేవారు. నా పేరు ఎక్కడా లేదు.

నేను నేర్చుకున్నది ఒకటే. ఇప్పుడు ఏ బండి వచ్చినా, రంగూ ధరా మాట్లాడకముందే "కింద ఎవరన్న పండుకుంటరా?" అని అడుగుతాను. చాలామంది నవ్వుతారు. నవ్వినవాళ్లందరూ నాకు గుర్తున్నారు. నవ్వకుండా ఒక్క క్షణం ఆగి జవాబు చెప్పేవాళ్ల బండిని మాత్రం వరస తప్పించి ముందుగా చేసిస్తాను.