పదకొండో నంబరు బూటు

చోడవరంలో పొద్దున్నే పేపరు చదివేవాళ్లున్నారు, బైబిలు చదివేవాళ్లున్నారు, పంచాంగం చూసుకునేవాళ్లున్నారు. పార్లమెంటులో రక్షణ శాఖ స్థాయీ సంఘం, అంటే ఎంపీల కమిటీ, ఇచ్చే రిపోర్టులు చదివే మనిషి మాత్రం ఒక్కరే. ఆయనే ఏసుదానం గారు. మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యారు. సైన్యంలో ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు, ఎన్ని బళ్లు కదులుతాయి, ఎన్ని కదలవు అని ఢిల్లీలో ఎంపీలు అడిగిన ప్రశ్నలూ, అధికారులు చెప్పిన జవాబులూ, అడుగున చిన్నక్షరాల్లో ఉండే గమనికలతో సహా ఆయనకు నోటికి వచ్చు.

నాది బస్టాండు పక్కన జిరాక్సు షాపు. ఆ రిపోర్టులు నెట్లోంచి దించి, ప్రింటు తీసి, స్పైరల్ బైండింగు చేసి ఇచ్చేది నేనే. కాబట్టి దేశ రక్షణలో నాకూ కొంత పాత్ర ఉంది.

దీనికంతటికీ మూలం ఆయన పంతొమ్మిదో ఏట ఉంది. విశాఖపట్నంలో మిలిటరీ సెలక్షన్లకు వెళితే ఛాతీ కొలిచి, ఒక సెంటీమీటరు తక్కువైందని పంపేశారు. ఆ రోజు మిలిటరీ ఈయన్ని తనిఖీ చేసింది. ఆ తర్వాత నలభై ఏళ్ల పైచిలుకు ఈయన మిలిటరీని తనిఖీ చేస్తున్నారు. దాన్ని పగ అనడానికి వీల్లేదు. కొలత కొలతేననీ, వాళ్లు కరెక్టుగానే చేశారనీ ఆయనే చెబుతారు. చెప్పేటప్పుడు మాత్రం ఊపిరి బిగించి ఛాతీ ముందుకు పెడతారు.

ఇన్నేళ్లు రిపోర్టులు చదివి చదివి ఆయనకు లోకంలో మూడే ప్రశ్నలు మిగిలాయి. మంజూరెంత, ఉన్నదెంత, పనిచేసేదెంత. కె.కోటపాడులో మేనకోడలి పెళ్లికి వెళ్లి, తిన్నగా వంటల దగ్గరికి నడిచి, గరిటెల విషయంలో ఈ మూడూ అడిగారు. వంటమేస్త్రీ ఆయన్ని తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకుని ముందే విస్తరి వేసి, జీడిపప్పు ఏరి మరీ పాయసం వడ్డించాడు. ఏసుదానం గారు పాయసం తాగి, గరిటెల సంఖ్య సంతృప్తికరంగా లేదని తేల్చారు.

చర్చిలోనూ ఇదే వరస. పాస్టరు గారు ఒక ఆదివారం క్వయరు బాగా పాడిందని మెచ్చుకున్నారు. మర్నాడు ఏసుదానం గారు ఆయనకు ఒక కాగితం అందించారు. రిజిస్టరులో ఉన్నది ఇరవై నలుగురు, వచ్చింది పద్నాలుగు మంది, శ్రుతిలో ఉన్నది ఆరుగురు. ఆ ఆరుగురిలో ఆయన భార్య కృపామణి గారు లేరు. ఆ వారమంతా ఆయన టిఫిను మా షాపు పక్కన నరసమ్మ ఇడ్లీ బండి దగ్గర జరిగింది. వారం తర్వాత కృపామణి గారు క్షమించారు గానీ, ఈయన మాత్రం అక్కడే అలవాటు పడిపోయారు.

నరసమ్మది చీడికాడ దగ్గర పల్లె. చదువు లేదు. ఒక్కడే కొడుకు, దిలీపు. మిలిటరీలో చేరి రెండేళ్లయింది. మంచు కొండల మీద ఎక్కడో వేశారు. అక్కడ సిగ్నలు దొరికినప్పుడు ఫోను వస్తుంది, లేనప్పుడు లేదు.

ఏసుదానం గారికి రిపోర్టు మనసులో చదవడం రాదు. ఇడ్లీ పళ్లెం ఒక చేత్తో, పుస్తకం ఇంకో చేత్తో పట్టుకుని, ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి తెలుగులో తిట్టడం ఆయన పద్ధతి. ఒకరోజు మంచు ప్రాంతాల దుస్తుల మీద సభ్యులు వేసిన ప్రశ్న వచ్చింది. సేకరణ ప్రక్రియలో ఉందని జవాబు. ఆ ‘ప్రక్రియ’ అనే మాట కనిపిస్తే చాలు, ఆయన గొంతు బస్టాండు దాటుతుంది.

నరసమ్మ గరిటె ఆపి, ప్రక్రియంటే ఏటని అడిగింది. ప్రక్రియంటే ఇంకా రాలేదని అర్థమని ఆయన ఉత్సాహంగా చెప్పారు.

ఆవిడ ఇడ్లీ పాత్ర మీద మూత పెట్టి, బండి పక్కన స్టూలు మీద కూర్చుండిపోయింది.

"మా దిలీపు కాలు పదకొండో నంబరు బాబూ. ఆడికి సోడవరంలోనే జోళ్లు దొరకవు. అక్కడ దొరుకుతాయేటి?"

ఏసుదానం గారు పేజీ మీంచి తలెత్తారు. ఇన్నేళ్లుగా ఆయన చదివిన లక్షల జతల బూట్లలో ఒక్కదానిలోనూ ఇంతకు ముందు కాలు లేదు. మిగిలిన ఇడ్లీ తినకుండా పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

మర్నాడు మామూలు కన్నా ముందే వచ్చి, ముప్పై ఏడో పేజీ తీసి గట్టిగా చదివారు. పది దాటిన నంబర్ల బూట్లు ప్రత్యేకంగా కుట్టించి, లోపల ఉన్ని వేసి, మనిషికి రెండేసి జతలు ఇస్తున్నారట. నరసమ్మ మొహం తేటపడింది. ఆ రిపోర్టు బైండింగు చేసినవాణ్ని నేను. ముప్పై ఏడో పేజీలో ఉన్నవి హెలికాప్టర్ల విడిభాగాలు.

మూడో రోజు రిపోర్టులో ఉన్ని మేజోళ్లు వచ్చాయి. నాలుగో రోజు కందిపప్పు, నెయ్యి వచ్చాయి. వారం తిరిగేసరికి కాళ్లకు కాపడం పెట్టడానికి వేడినీళ్లు, ఒక డాక్టరు కూడా కొండెక్కారు. పది రోజుల్లో ఏసుదానం గారు సైన్యంలో ఏ లోటూ లేకుండా చేసేశారు. లెక్కలో ఒక్క దశాంశం తప్పు పడితే ఢిల్లీకి రిజిస్టర్డు పోస్టు పంపే మనిషి ఇలా చేయడం నాకు మింగుడుపడలేదు. నరసమ్మ లేనప్పుడు అడిగేశాను.

"కమిటీకి తప్పు లెక్క చెప్పకూడదు సత్తిబాబూ," అన్నారాయన. "నరసమ్మ కమిటీ కాదు."

అని ఊరుకోలేదు. కమిటీకి ఉత్తరం టైపు చేయించారు. మామూలుగా ఆయన ఉత్తరం పద్నాలుగు పేజీలుంటుంది. ఇది అర పేజీ, బూట్ల మీదే. జవాబు రాలేదు.

ఇంతలో మాజీ సైనికులకు సన్మానమని చోడవరంలో ఒక సభ పెట్టారు. దానికి వచ్చే ఎంపీ గారు మన ప్రాంతం వారు కారు గానీ, ఆ కమిటీలో సభ్యులు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఏసుదానం గారికి నిద్ర లేదు. అలాంటి మనిషి ఎప్పుడైనా దొరక్కపోతాడా అని తొమ్మిదేళ్లుగా నలభై ఒక్క ప్రశ్నలు తయారుచేసి ఉంచుకున్నారు. అవన్నీ నా దగ్గరే మళ్లీ ప్రింటు తీయించి, ఫైలు కట్టించి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి వరసలో కూర్చున్నారు.

దండలు, శాలువాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి ఎంపీ గారు వాచీ చూసుకున్నారు. నిర్వాహకులు ఈయన బాధ పడలేక, ఒక్క ప్రశ్న, ఒక్క నిమిషం అని మైకు ఇచ్చారు. నలభై ఒకటిలో ఏది అడుగుతారా అని నేను కూడా ముందుకు వంగాను. ఆయన ఫైలు తెరిచి, మొదటి పేజీ చూసి, మూసేశారు.

"అయ్యా, బూట్లు మొత్తం మీద సరిపోయాయా అని మీరు అడుగుతున్నారు. నంబరు వారీగా సరిపోయాయా అని అడగడం లేదు. తొమ్మిదో నంబరు బూట్లు లక్ష జతలున్నా పదకొండో నంబరు కాలికి లేనట్టే. ఈసారి అది అడగండి."

సభ నవ్వింది. ఈయనకేమైనా చెప్పుల కొట్టు ఉందా అని వెనక ఎవరో అడిగారు. ఎంపీ గారూ నవ్వారు. నవ్వు మధ్యలో ఆపి, పక్కనున్న పీఏ వైపు తిరిగి రాసుకోమన్నారు.

తిరిగి వస్తుంటే మిగతా నలభై ప్రశ్నల సంగతేమిటని అడిగాను. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన మనిషి ఫైలు నా చేతిలో పెట్టి, "అవి ఆగుతాయి. మంచు ఆగదు" అన్నారు.

తర్వాతి రిపోర్టు కోసం చూస్తున్నాం. రిపోర్టు కన్నా ముందు దిలీపే సెలవు మీద వచ్చాడు.

ఆ రోజు ఏసుదానం గారు ఇడ్లీ బండి ఛాయలకు పోకుండా మా షాపులో జిరాక్సు మిషను వెనక నిలబడ్డారు. ఉన్ని మేజోళ్లు, నెయ్యి, డాక్టరు, అన్నీ ఆ కుర్రాడు ఒక్క మాటతో కొట్టిపారేస్తాడని భయం. దిలీపు ఆయన్ని వెతుక్కుంటూ లోపలికే వచ్చి దండం పెట్టాడు. వాడి వేళ్లు హవాయి చెప్పు అంచు దాటి బయటికున్నాయి. ఈయన చూపు అక్కడే నిలిచిపోయింది. గొంతు తగ్గించి, బూట్ల సంగతి నిజం చెప్పమన్నారు.

"పైకి పంపకముందే కాలు కొలిసి ఇచ్చేరు సార్. రెండు జతలు. అమ్మకి ఫోన్లో సెప్తే నమ్మలేదు. రిపోర్టులో ఉన్నాదని మీరు సెప్పేక నమ్మింది."

ఏసుదానం గారు జేబులోంచి పెన్ను తీసి, ఏ నెలలో ఇచ్చారు, ఎవరు కొలిచారు, రెండో జత అదే రోజు ఇచ్చారా అని మూడుసార్లు అడిగి, ముప్పై ఏడో పేజీ మార్జిన్లో, హెలికాప్టర్ల పక్కన రాసుకున్నారు. అప్పుడు గానీ ఆయన మొహంలో రంగు రాలేదు.

కొడుకు సెలవు అయిపోయి వెళ్లాక, ఒక పొద్దున ఏసుదానం గారు ఇంకా రాకముందు, నరసమ్మతో ఆ మాటా ఈ మాటా చెబుతూ, రిపోర్టు విని ధైర్యంగా ఉన్నావు కదా అన్నాను. ఆవిడ చట్నీ కలుపుతూ నా వైపు చూసింది.

"నాకు సదువు రాదు గానీ బాబూ, సూపు ఉన్నాది. సదివేవోడి కళ్లు కాయితం మీద ఉంటాయి. ఆయన కళ్లు నా మొకం మీద ఉండేవి."

మరి నాలుగు నెలలు రోజూ ఎందుకు విన్నావని అడిగాను.

"నా కొడుకు కోసం అంత పెద్దమనిసి రోజూ కట్టుకతలు అల్లుకొని వస్తంటే, ఇనకుండా ఎలాగుంటాను? ఆయనకి సెప్పకు. సిన్నబుచ్చుకుంటాడు."

అంతలో ఆయన వీధి చివర కనిపించారు, చంకలో కొత్త పుస్తకంతో. నరసమ్మ చప్పుడు లేకుండా ఉండాలని స్టవ్ మంట తగ్గించి, స్టూలు తుడిచి వేసి, ఈవేళ మావోడికి ఏటి పెడతన్నారో సదవమంది.