ముందు అమ్మ పేరు

జున్నర్‌లో అప్పా జోగ్లేకర్ ఎవర్నీ సొంత పేరుతో పిలవడు, వాళ్ల అమ్మ పేరుతో పిలుస్తాడు. కొండగుహల్లో శాసనాల మీద తడికాగితం పరిచి, సిరా అద్ది, నకళ్లు తీస్తూ ఉద్యోగం వెళ్లదీసిన మనిషి. రిటైరయ్యాక శాసనాలు గుహల్లోనే ఉండిపోయాయి గానీ, పిచ్చి మాత్రం ఆయన వెంట ఇంటికొచ్చేసింది.

బస్టాండు పక్కన టీకొట్టు తానాజీకి రోజూ ఈ పిచ్చితోనే తెల్లవారేది.

"చిమణాబాయి పుత్రా, ఓ టీ!"

చిమణాబాయి కోళ్ల దొంగగా ఊరంతా పేరుమోసిన మనిషి. ఆవిడ పోయినా, అప్పా పుణ్యమా అని ఆ పేరు పోలేదు. బెంచీ మీదవాళ్లు కోడిలా కూసేవారు.

"నాకూ ఓ పేరుంది అప్పా!"

"గుహలో రాజులే అమ్మ పేరు ముందు చెక్కించుకున్నారు. నువ్వు రాజుకంటే గొప్పోడివా?"

"రాజుగారమ్మ కోళ్లెత్తుకెళ్లలేదుగా!"

సర్పంచి సంగతి మరీ ఘోరం. తల్లిని గొడ్లసావిట్లో పడేసి మేడ కట్టిన ఘనుడు. జెండా పండగనాడు నిండు సభలో అప్పా లేచి, "గోదూబాయి పుత్రా, మైకు సరిగ్గా పట్టుకో!" అన్నాడు. "అవునూ, గోదూబాయి ఎక్కడుందిప్పుడు?" అని ఆడవాళ్లు గుసగుసలాడారు. సాయంత్రానికల్లా ముసలామె మంచం మేడలోకి చేరింది. సర్పంచి అప్పాని తిట్టని తిట్టు లేదు.

కండక్టర్లూ, కూరలమ్మేవాళ్లూ ఈ అమ్మ పేరు పిలుపు వెక్కిరింపుకి మొదలుపెట్టి, చివరికి అదే అలవాటులో పడ్డారు.

ఈ ఏడు జాతరలో కుస్తీ జోడీల్ని మైకులో పిలిచే పని తానాజీది. ఆఖరి జోడీలో ఊరి తరఫున మహాదూ దిగాడు. రొట్టెలమ్ముకునే హీరాబాయి కొడుకు. చంటివాణ్ణి చంకనేసుకుని ఒంటరిగా ఈ ఊరొచ్చిన హీరాబాయి, మొగుడి ఊసు ఏనాడూ ఎత్తలేదు.

అవతలి ఊరి పహిల్వానుకి కుస్తీ నేర్పిన వస్తాదు మీసం దువ్వాడు. "వీడి తండ్రెవరు? అబ్బ పేరు లేనివాడితో మావాడు తలపడడు."

హీరాబాయి కొంగు ముఖం మీదికి లాక్కుంది. మహాదూ తల దించుకుని ఒక కాలు గోదా బయట పెట్టాడు.

తానాజీకి ఒళ్లు మండింది. "తండ్రి పేరెవడిక్కావాలయ్యా? మా ఊళ్లో అమ్మ పేరే అడుగుతాం. హీరాబాయి పుత్రుడు మహాదూ! మరి మీవాడి అమ్మ పేరేంటి?"

వస్తాదు నోరు తెరిచేలోపే పక్కనున్న అతని పహిల్వానే సిగ్గుపడుతూ, "భాగూబాయి" అన్నాడు. జనం ఈలలేశారు. మహాదూ కాలు లోపలికొచ్చింది.

అప్పుడు వెలిగింది తానాజీకి. ఎన్నో ఏళ్ల కిందట మహాదూని బళ్లో వేయబోతే, మాస్టారు తండ్రి పేరు అడిగాడు. చెప్పలేక, పిల్లాణ్ణి పట్టుకుని హీరాబాయి ఏడుస్తూ కూలబడింది తన టీకొట్టు ముందే. అప్పా ఆ బెంచీ మీదే ఉన్నాడు. పిచ్చి పట్టింది ఆ మర్నాడే. అంతకుముందు ఆయన కూడా "ఒరే తానాజీ" అనే పిలిచేవాడు!

తానాజీ ముందు వరసలో కూర్చున్న అప్పా దగ్గరికెళ్లాడు. "ఈ కుర్రాడి కోసమేనా అప్పా, ఇన్నేళ్లూ మా అమ్మ కోళ్లని బజార్న పెట్టారు?"

"నాకేం తెలుసోయ్. గుహలో రాసుంది, చదివాను."

"సర్లెండి. ఇంతకీ మీ అమ్మ పేరేంటి?"

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన్ని అడిగినవాడు లేడు. అప్పా చెవులు ఎర్రబడ్డాయి. "ద్వారకాబాయి."

తానాజీ మైకందుకున్నాడు. "గెలిచినవాడికి తలపాగా చుట్టేది ద్వారకాబాయి పుత్రుడు!"

అప్పా చొక్కా సర్దుకుని లేచాడు. "చిమణాబాయి పుత్రా, దారివ్వు!"

జనమంతా కోడిలా కూశారు. అందరికంటే గట్టిగా తానాజీయే కూశాడు.