సున్నా నంబరు చొక్కా

నిన్న మా బడి వెనక కుళాయి దగ్గర ముక్కు పగిలిన ఒక పిల్ల నెత్తురంటిన తెల్లచొక్కా తడుపుతుంటే, తుప్పు పట్టిన ఇనుములాంటి వాసన గుప్పున తగిలింది. పక్కనే ఎవరో బట్టల సబ్బు రుద్దుతున్నారు. ఆ రెండు వాసనలూ కలిసేసరికి బెహాలాలోని మా బడి, నేను ఈల పట్టుకుని ఆడిస్తున్న బాస్కెట్‌బాల్ పోటీ, అన్నీ వెనక్కి పోయాయి. నా చిన్నప్పటి రేవుపేట వాట్‌గంజ్‌లో మా రవణ పిన్ని ఊదిన ఈల వినిపించింది. ఆ ఈల తలుచుకుంటే ఇప్పటికీ నడుస్తున్న కాళ్ళు ఆగిపోతాయి.

పిన్ని అంటున్నాను గానీ ఆవిడ మాకు చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చిన వాళ్ళ ఇళ్ళు వరసగా ఉండే సందులో మాది ఈ చివర, ఆవిడది ఆ చివర. మా అమ్మను "అప్పా" అని పిలిచేది; మా వైపు అక్కను అలాగే అంటారు. బాస్కెట్‌బాల్ ఆడి రైల్వేలో ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. మోకాలు చెడిపోయాక ఆట మాని రిఫరీ అయింది. బెంగాలీ పిల్లలు "రమణాదీ", అంటే రమణక్కా, అంటూ ఆవిడ వెంట తిరిగేవాళ్ళు. నలుపు, పొడుగు, నోరు పెద్దది. చేపలవాడితో మొదలుపెట్టి ట్రామ్ కండక్టరు దాకా ఆవిడతో తగువు పడనివాడు ఆ పేటలో లేడు.

సందు వెనక సిమెంటు గచ్చు మీద మాకు ఆట నేర్పింది ఆవిడే. మొదలుపెట్టే ముందు మా గోళ్ళు చూసేది. ఒకరోజు నేను జారిపడి మోకాలు చీరుకుపోయింది. లేచి దులుపుకుని మళ్ళీ బంతి వెనక పరిగెత్తాను. నా ధైర్యం చూసి మెచ్చుకుంటుందనుకుంటే ఈల వేసి ఆట ఆపేసింది.

"ఏటే, వీరనారివనుకున్నావేటి? పక్కకెల్లి కడుక్కో."

"నొప్పి లేదు పిన్నీ."

"నీ నొప్పి నానడగనేదు. నీ నెత్తురు ఇంకో ఆడగుంటకి అంటకూడదు. ఆపు, కడుగు, గుడ్డ కట్టు, మల్లీ రా. మల్లీ రావాల, అదీ రూలే."

ఆ చివరి ముక్క ఆవిడ ఎప్పుడూ మరిచిపోలేదు. పక్కకు పొమ్మన్న ప్రతిసారీ మళ్ళీ రమ్మనీ అనేది.

నేను పదో తరగతి చదివే చలికాలంలో మా గచ్చు మీదే పేటల మధ్య పోటీ పెట్టారు. చివరి ఆట మాకూ టికియాపారా అమ్మాయిలకూ. ఈల పిన్ని చేతిలో ఉంది. జిల్లా జట్టుకు ఆడపిల్లలను ఎంచేవాళ్ళు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. మా నాన్న ముందే తేల్చి చెప్పాడు, జిల్లా జట్టులో చోటొస్తే ఆట, రాకపోతే కుట్టుమిషను. నాకు కుట్టు రాదు, రావాలని కోరికా లేదు. అందుకని ఆరోజు ఒళ్ళు మరిచి ఆడాను. ఎంచేవాళ్ళు నా నంబరు రెండుసార్లు అడిగారని మా రెహానా బెంచీ మీద నుంచి కేక వేసి మరీ చెప్పింది.

ఆట సగం దాటాక టికియాపారా పిల్ల మోచెయ్యి నా కనుబొమకు తగిలింది. నెత్తురు ముఖం మీదుగా తెల్లచొక్కా మీదికి కారింది. ఈల మోగింది. పిన్ని నా వంక చూసి, చెయ్యి బయటికి చూపించింది.

"గాయం కప్పుకో, సొక్కా మార్సుకో. మల్లీ రా."

మార్చుకోవడానికి చొక్కా ఏదీ? జట్టుకు ఆరుగురం, క్లబ్బు కుట్టించినవీ ఆరే. నా బదులు రెహానా లోపలికి వెళ్ళింది కాబట్టి ఆరోదీ ఆటలోనే ఉంది. ఇంతలో మా అమ్మ ఇంట్లోంచి గుప్పెడు పసుపుతో పరిగెత్తుకొచ్చి కనుబొమ మీద అదిమింది. మా వాళ్ళకు తల పగిలినా, కాలు తెగినా పసుపే మందు. నెత్తురైతే ఆగింది గానీ సగం పసుపు చొక్కా మీద పడింది. కట్టు కట్టించుకుని నేను అమ్మ శాలువా కప్పుకుని కూర్చుంటే, అమ్మ ఆ చొక్కాను కుళాయి కిందికి తీసుకెళ్ళి కంగారులో బట్టల సబ్బు పెట్టి బరబరా రుద్దింది. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో ఏ ఆడదానికి తెలియదు? రోజూ తెలిసిన సంగతే ఆ నిమిషంలో తోచలేదు. వేలెడు మరక పోయి చొక్కా ముందుభాగమంతా కుంకుమలా ఎర్రబడింది. చూసేవాళ్ళు ఘొల్లున నవ్వారు.

అమ్మ ఆ చొక్కాను పిన్ని ముందు పరిచింది. "పసుపే రవణా! నీకు తెల్దేటి?"

"పసుపని తెలుసప్పా. కింద నెత్తురు నేదని మాత్తరం నాకు తెల్దు."

"మన గుంటే కదా, ఒగ్గీ!"

"మన గుంటని ఒగ్గెత్తే రేపు ఆల గుంటని ఏ మొకంతో ఆపుతాను?"

ఆట అయిపోయేదాకా నేను శాలువాలోనే ఉన్నాను. ఓడిపోయాం. ఎంచేవాళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు. పిన్ని మీద నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ ఈల లాక్కుని హుగ్లీలో విసిరేయాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మా ఇంటికొచ్చింది. అమ్మ కూర్చోమనలేదు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి నాన్నతో మాట్లాడింది.

"బావా, పిల్లని ఆపింది నా ఈల. దాని ఆట కాదు. ఇంకో ఏడు ఆడనీ."

"తప్పు సేసినావని ఒప్పుకుంతన్నావా?" అన్నాడు నాన్న.

"నేదు. మల్లీ అలాగైతే మల్లీ ఆపుతాను."

నాన్న నవ్వేశాడు. అలా నాకు ఇంకో ఏడు దొరికింది.

మరుసటి చలికాలం మళ్ళీ అదే గచ్చు, అదే రెండు జట్లు. ఈసారి ముక్కు పగిలింది టికియాపారా పిల్లకు. పిన్ని ఈల వేసి బయటికి పంపింది. ఆ పిల్ల చొక్కా పట్టుకుని ఏడుస్తుంటే, పిన్ని తన సంచిలోంచి వాళ్ళ జట్టు రంగే, ఒక నీలం చొక్కా తీసి ఇచ్చింది. దాని మీద చేత్తో కుట్టిన సున్నా నంబరు. సున్నా నంబరు ఎవరూ వేసుకోరు కాబట్టి ఏ జట్టులోనూ తగువు రాదట. ఆ పిల్ల తిరిగొచ్చి వరసగా బుట్టలు వేసి మమ్మల్ని ఓడించింది. అయినా నా పేరు జిల్లా జట్టులోకి ఎక్కింది.

అమ్మకు మాత్రం ఆ నీలం చొక్కా మింగుడుపడలేదు. ఆట అవగానే వెళ్ళి అడిగేసింది.

"ఆల పిల్లకైతే సొక్కా దొరికిందేటి? నా పిల్లకి నేకపోయిందా?"

పిన్ని సంచి నోరు తెరిచి చూపించింది. లోపల తెల్లది ఇంకోటి ఉంది, అదీ సున్నాయే.

"అప్పుడు నా కాడా నేదప్పా. నీ పిల్ల సాలవా కప్పుకుని కూకుంది సూడు, ఆ రేత్రే రెండూ కుట్టినాను. రూలు నాను మార్సలేను. సొక్కా మొయ్యగలను."

అమ్మ పిన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి, ముందు పీట వేసి, తర్వాత అన్నం పెట్టింది.

నేను రిఫరీనయిన రోజున పిన్ని ఆ సంచి నా భుజానికి తగిలించింది. ఇప్పుడు ఆవిడ లేదు. ఆవిడతో తగువులాడటానికి ఎవరూ లేక మా సందు చప్పబడిపోయింది. ఇప్పటికీ ఆవిడ ఇంటి వైపు మలుపు తిరిగితే నాకు ఏడుపొస్తుంది.

నిన్న కుళాయి దగ్గరి పిల్ల నా వంక బెదురుగా చూసింది. "మిస్, ఇంక నేను ఆడకూడదా?"

సంచిలోంచి తెల్లచొక్కా తీసి ఇచ్చాను. సున్నా దారం ఒకచోట ఊడితే నేనే మళ్ళీ కుట్టాను, కుట్టు రాని చేత్తో, వంకరగా.

"ముక్కు కడుక్కో, ఇది తొడుక్కో," అన్నాను. "మళ్ళీ రా."